చెక్క రెక్క ఎంత మోస్తుందో ఇంట్లోనే విరగ్గొట్టి చూసుకోవడం ఎలా

చెక్క విమానం అనగానే మనోళ్ళకి నవ్వొస్తుంది. నేను ఆర్‌సీ గ్లైడర్లు (రిమోట్‌తో నడిపే, ఇంజిను లేని బుల్లి విమానాలు) చేస్తానని తెలిసినోళ్ళు "పందిరి కర్రలతో విమానమేంటండీ బాబూ" అంటారు, అన్న మనిషే మర్నాడు పొద్దున్నే లంకలోకి చెక్క పడవెక్కి, పక్కన మోటారు సైకిల్ కూడా ఎక్కించుకుని, ఎంచక్కా ఫోన్ చూసుకుంటూ గోదారి దాటేస్తాడు. మా పెదనాన్న నరసాపురం వైపు పడవలు కట్టినాయన, ఆయన మాత్రం నవ్వలేదు, "జిగురేం వాడతార్రా" అని ఒక్కటే అడిగాడు. అసలు ప్రశ్న అదే, దాని దగ్గరికి వస్తాను.

ఈలోపు, చెక్క రెక్క విమానాన్ని మోస్తుందన్న నా మాట మీరు నమ్మక్కర్లేదు. ఒక బుల్లి స్పార్ చేసి మీ చేత్తో మీరే విరగ్గొట్టి చూసుకోండి. స్పార్ అంటే రెక్క లోపల ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయే దూలం, గాల్లో ఉన్నప్పుడు విమానం బరువంతా వేలాడేది దాని మీదే. చెక్క ఎండబెట్టే టైమ్ కాకుండా మొత్తం పని మూడు వారాల దాకా పడుతుంది, అందులో ఎక్కువ జిగురు ఆరేదాకా ఖాళీగా కూచోవడమే.

కావాల్సినవి: నార తిన్నగా ఉన్న పైన్ చెక్క కొంచెం, 1.5 ఎంఎం బర్చ్ (అదో చెట్టు పేరు) ప్లైవుడ్ ఒక షీటు (ఆన్‌లైన్ హాబీ షాపుల్లో దొరుకుద్ది), నిదానంగా గట్టిపడే రకం ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి రాసే జిగురు), వంటింట్లో డిజిటల్ కాటా, ఒక బకెట్, రెండు ఎత్తు పీటలు, పాత సైకిల్ ట్యూబు, 25 కేజీల బియ్యం బస్తాలు రెండు. బస్తాలు వాడి మళ్ళీ ఇంట్లో ఇచ్చేయొచ్చు, చిరగనివ్వకండి, చిరిగితే ఆ తర్వాత జరిగేది మీ ఇంటి విషయం.

ఇంకోటి ముందే చెప్తున్నా, ఇది పరీక్ష ముక్కలకీ ఆర్‌సీ మోడల్స్‌కీ మాత్రమే. మనిషెక్కే విమానం సొంతంగా చేసి ఎగరేయాలంటే డీజీసీఏ (పౌర విమానాల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతులు, ఇన్‌స్పెక్షన్లు అదంతా వేరే కథ, యూట్యూబ్ చూసి ఆవేశపడకండి.

స్టెప్ 1: అడితిలో చెక్క ఏరుకోవడం

సగం బలం ఇక్కడే తేలిపోద్ది కాబట్టి తొందరపడొద్దు. విమానాలకి పేరుపడ్డ చెక్క సిట్కా స్ప్రూస్, ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరుగుతుంది, మన అడితిల్లో వెతకడం దండగ. దాని గొప్ప ఏంటంటే లీటరు చెక్క 400 గ్రాములే ఉంటుంది కానీ వంచితే చదరపు మిల్లీమీటరుకి 7 కేజీల దాకా తట్టుకుంటుంది. విమానాల అల్యూమినియం ఇంచుమించు ఏడు రెట్లు బలం, బరువు కూడా ఏడు రెట్లే. అంటే బరువుకి బరువు వేసి చూస్తే ఇద్దరూ సమానం! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేనే తప్పు చేశానేమో అని రెండుసార్లు కొట్టి చూసుకున్నా.

మనకి దగ్గరగా పనికొచ్చేది దిగుమతి పైన్, మెషీన్లు వచ్చే ప్యాకింగ్ పెట్టెల చెక్క. టేకు బ్రహ్మాండమైన చెక్కే గానీ బరువు, పైగా లోపల నూనె ఉండి జిగురు సరిగా పట్టదు. వేప, మామిడి వద్దు, నార మెలికలు తిరిగి ఉంటుంది. సరుగుడు మరీ బరువు. "కొబ్బరి దూలం గట్టిది కదండీ" అని ఒకాయన అడిగాడు, గట్టిదే, కానీ బయట రాయిలా ఉండి లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తబడుద్ది, అలాంటిదాంతో లెక్క కుదరదు. చేవ దేరిన కర్ర అయితే చాలనుకుంటాం గానీ ఇక్కడ చేవ కంటే నార తిన్నగా ఉండడం ముఖ్యం.

చూడాల్సినవి ఇవి. కణుపులు ఉండకూడదు, గుండుసూది తలంత ఉన్నా ఆ ముక్క పక్కన పెట్టేయండి. కొస వైపు నుంచి చూస్తే వయసు గీతలు కనపడతాయి కదా, అంగుళానికి కనీసం 6 ఉండాలి, వెడల్పు గీతలంటే చెట్టు గబగబా పెరిగిపోయిందని అర్థం. ఇక అన్నిటికంటే ముఖ్యం నార వాలు: 15 సెంటీమీటర్ల పొడవులో నార 1 సెంటీమీటరు కంటే పక్కకి జరగకూడదు, విమానాల చెక్కకి ఎప్పటి నుంచో ఉన్న రూలు 15కి 1. కంటికి కనపడే గీతల్ని నమ్మకండి, మెలిక తిరిగిన చెట్టులో గీతలు తిన్నగానే కనపడి నార వేరే దారిన పోతూ ఉంటుంది. ఇంకు పెన్నుతో ఒక చుక్క పెట్టండి, ఇంకు నార వెంబడే సన్నగా పాకుద్ది. ఇంకా బాగా తెలియాలంటే కొస నుంచి ఒక ముక్క కోసి ఉలి పెట్టి చీల్చండి. రంపం అబద్ధమాడుద్ది, చీలిక ఆడదు, మా పెదనాన్న పడవ పలకలకి చేసేది కూడా ఇదే.

ఇంకొకటి మన ప్రాంతానికి బాగా వర్తించేది. చిత్రిక పట్టిన చెక్కని ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఒక్కోసారి నారకి అడ్డంగా జుట్టంత సన్న ముడత కనపడుద్ది. చెట్టు నిలబడి ఉండగానే పెద్దగాలికి విపరీతంగా వంగినప్పుడు లోపలి వైపు నార నలిగిపోతే వచ్చే గీత అది. 96 నవంబరు తుఫాను చూసినోళ్ళకి చెట్లు ఎలా వంగుతాయో నేను చెప్పక్కర్లేదు. పైకి చెక్క బాగానే ఉంటుంది, బరువు పడితే సరిగ్గా అక్కడే క్యారెట్‌లా పుటుక్కుమంటుంది. గీత కనపడితే ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

మంచి ముక్క దొరికాక సామిల్లులో 10 ఎంఎం × 10 ఎంఎం పుల్లలు అరమీటరువి ఒక పదహారు, 10 × 6 పట్టీలు 90 సెంటీమీటర్లవి ఒక నాలుగు కోయించుకోండి. పుల్లల్ని తూకం వేయండి. అరమీటరు పుల్ల 50 ఘనపు సెంటీమీటర్లు కాబట్టి 20 నుంచి 25 గ్రాముల మధ్య తూగాలి. ఒకే పలకలోంచి కోసిన పుల్లల్లో ఒకటి మిగతావాటి కంటే బాగా తేలిగ్గా ఉంటే అది పుచ్చు మొదలైందో బలహీనమైందో, తీసేయండి.

స్టెప్ 2: చెమ్మ కొలవడం

డెల్టాలో ఈ స్టెప్పు వదిలేస్తే మిగతాదంతా వేస్టు. జులైలో మన ఇళ్ళల్లో ఉప్పు డబ్బాలో ఉప్పు ఎలా అవుద్దో తెలుసుగా, చెక్క కూడా అలాగే గాల్లో చెమ్మ తాగుద్ది. విమానం పనికి చెక్కలో చెమ్మ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలంటారు, మన వానాకాలంలో నీడన ఊరికే పెట్టిన చెక్క 17, 18 దాకా ఎక్కేస్తుంది. ఒక్కో శాతం పెరిగేకొద్దీ వంగే బలం ఇంచుమించు 4 శాతం తగ్గుద్ది, అంటే 12 దగ్గర ఉండాల్సింది 17 దగ్గర ఉంటే ఐదో వంతు బలం గాలికి పోయినట్టే.

కొలవడం తేలికే. అదే పలక నుంచి ఒక చిన్న ముక్క కోసి వెంటనే తూకం రాసుకోండి. ఓటీజీ ఓవెన్లో 100-105 డిగ్రీల దగ్గర పెట్టి గంట గంటకీ తీసి తూచండి, బరువు ఇంక తగ్గడం ఆగిపోయాక అదే ఎండు బరువు. తగ్గిన గ్రాముల్ని ఎండు బరువుతో భాగించి వందతో గుణిస్తే శాతం. ఉదాహరణకి 57 గ్రాముల ముక్క 50కి దిగితే 7/50, అంటే 14 శాతం. ఎక్కువుంటే చెక్కని ఇంట్లో ఫ్రిజ్ వెనకాలో అటక మీదో గాలాడేలా రెండు మూడు వారాలు పెట్టండి. ఎండలో మాత్రం పెట్టకండి, పైన ఎండి లోపల ఎండక పగుళ్ళు వస్తాయి.

స్టెప్ 3: ముందు ఒంటి పుల్లని విరగ్గొట్టండి

రెండు పీటలు సరిగ్గా 40 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి పుల్లని అడ్డంగా వేసి మధ్యలో తాడుతో బకెట్ వేలాడదీయండి. బకెట్ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటే చాలు, ఇంకా ఎత్తులో కట్టి కాలి మీద పడేసుకోకండి. మగ్గుతో నీళ్ళు నిదానంగా పోస్తూ ఉండండి, లీటరంటే కేజీ కాబట్టి లెక్క సులువు, బకెట్ బరువు కలపడం మర్చిపోవద్దు.

విరిగినప్పుడు ఉన్న కేజీల్ని 0.6తో గుణించండి, చదరపు మిల్లీమీటరుకి ఎన్ని కేజీలు తట్టుకుందో వచ్చేస్తుంది. 10 కేజీలకి విరిగితే 6, మంచి పైన్‌కి అది చక్కటి నంబరు. 5 కంటే కింద వస్తే చెక్క మార్చండి. ఒక్కదాన్ని చూసి డిసైడ్ అయిపోకుండా నాలుగు పుల్లలు విరగ్గొట్టి, వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిందాన్నే లెక్కలోకి తీసుకోండి. యావరేజ్ తీసుకోవద్దు, విమానం యావరేజ్ చోట విరగదు, వీక్ చోట విరుగుద్ది.

విరిగిన చోటు జాగ్రత్తగా చూడండి, అసలు చదువంతా అక్కడే. మంచి చెక్క ఒక్కసారిగా తెగదు, ముందు టిక్ టిక్ అని సౌండ్ ఇస్తుంది, పై వైపు సన్న ముడత వస్తుంది, ఆ తర్వాత కింద వైపు పొడుగాటి పేళ్ళు లేచి చీపురులా విచ్చుకుంటుంది. చెడ్డ చెక్క చప్పుడు చేయకుండా సుద్దముక్కలా అడ్డంగా తెగుద్ది. పైన ముడత ముందు ఎందుకొస్తుందంటే చెక్క లాగితే తట్టుకున్నంత నొక్కితే తట్టుకోదు, ఇంచుమించు సగమే. అందుకే చాలా చెక్క విమానాల స్పార్లలో పై పట్టీ కింద పట్టీ కంటే మందంగా ఉంటుంది.

అల్యూమినియంతో ఇక్కడే తేడా. దాన్ని వంచీ వంచీ వదిలితే ఎక్కడో కంటికి కనపడని పగులు మొదలై పెరుగుతూ పోతుంది, చెక్క మామూలుగా ఎగిరేటప్పుడు పడే లోడుకి అలా అలసిపోదు. డీ హావిలాండ్ కంపెనీ చెక్కతో మస్కిటో అనే యుద్ధ విమానం చేసింది, 7,700కి పైగా కట్టారు, తర్వాత అదే కంపెనీ లోహంతో చేసిన కామెట్ జెట్లు 1954లో గాల్లోనే పగిలిపోయినప్పుడు కారణం ఈ అలసటేనని తేలింది. చెక్క గొప్పని చెప్పడానికి కాదు, ఎవరి రోగం వారికుందని. చెక్క రోగం ఏంటో తర్వాతి స్టెప్పులో ఉంది.

స్టెప్ 4: జిగురు పరీక్ష

పెదనాన్న అడిగిన ప్రశ్న ఇదే. నా మొదటి గ్లైడర్ రెండు మీటర్ల రెక్క, దానికి ఫర్నిచర్‌కి వాడే తెల్ల జిగురే వాడేశా, డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే నమ్మేశా. ఎండాకాలమంతా సూపర్‌గా ఎగిరింది. వానాకాలం పెరటి షెడ్లో వేలాడదీసి దసరాకి తీసి పాలకొల్లు దగ్గర కోసిన చేలో ఎగరేస్తే, మలుపు తిప్పగానే ఎడమ రెక్క గొడుగు మడిచినట్టు పైకి మడుచుకుపోయింది. ముక్కలు ఏరుకొచ్చి చూస్తే ఒక్క చెక్క కూడా విరగలేదు, జాయింట్లన్నీ వాటంతటవే ఊడొచ్చాయి, వేలితో గీకితే జిగురు మైనంలా లేచింది. తెల్ల జిగురు చెమ్మకి మెత్తబడడం ఒకటి, లోడు మీద నెమ్మదిగా సాగడం ఇంకోటి, విమానం పనికి రెండూ పనికిరావు.

చెక్క విమానాలకి వచ్చిన చెడ్డపేరు కూడా చాలావరకు ఇలా వచ్చిందే. 1931 మార్చి 31న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఫోకర్ ఎఫ్-10 ప్యాసింజర్ విమానం రెక్క గాల్లో విరిగి ఎనిమిది మందీ పోయారు. అందులో న్యూట్ రాక్నీ అనే ఫుట్‌బాల్ కోచ్ ఉన్నాడు, అక్కడ ఆయనకున్న పేరుకి దేశమంతా గోలైపోయింది. రెక్క లోపల చెమ్మ చేరి జిగురు జాయింట్లు వదిలేశాయి, చుట్టూ ప్లై మూసేసి ఉండడంతో విప్పకుండా లోపల చూసే దారి కూడా లేదు. ఆ దెబ్బతో ఎయిర్‌లైన్లు లోహం వైపు పరిగెత్తాయి. తర్వాత 1944 చివర్లో మన దేశంలోనూ బర్మాలోనూ తిరుగుతున్న మస్కిటోలు కొన్ని గాల్లోనే విరిగితే కొన్నాళ్ళు వాటిని ఎగరనివ్వకుండా ఆపేశారు. ఈ వానలకీ ఎండలకీ చెక్క, జిగురు తట్టుకోలేదని కొందరు, కాదు ఫ్యాక్టరీలోనే జాయింట్లు సరిగా కూర్చోలేదని కొందరు, పెద్ద వాదనే నడిచింది. రెండు వాదనల్లోనూ చెక్క బలం చాల్లేదన్న మాట లేదు చూడండి.

కాబట్టి జిగురుని ఇలా పరీక్షించాలి. రెండు పుల్లల కొసల్ని ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి అతకాలి, దీన్ని స్కార్ఫ్ జాయింట్ అంటారు, పడవ పలకలు అతికేవాళ్ళకి కొత్తేం కాదు. వాలు 12కి 1, అంటే 10 ఎంఎం పుల్లకి కోత 12 సెంటీమీటర్ల పొడుగుండాలి. చూడ్డానికి మరీ పొడుగనిపిస్తుంది, తగ్గించకండి, 10కి 1 కంటే పొట్టిగా అసలు వద్దు. రెండు పుల్లల్నీ మెట్టులా ఒకదాని మీద ఒకటి పెట్టి బల్లకి బిగించి రెండింటినీ ఒకేసారి చిత్రిక పట్టేస్తే వాలు సమానంగా వస్తుంది. చిత్రిక పదును ఉండాలి. మొద్దు చిత్రికతో నార నలిగిపోయి పైన మెరుపు వస్తుంది, ఆ మెరుపు మీద జిగురు దిగదు.

కోసిన రోజే అతకండి. ఎపాక్సీ రెండు ట్యూబులూ ప్యాక్ మీద రాసిన పాళ్ళలో కలపండి, కంటి అంచనా వద్దు, కాటా ఉందిగా. ఐదు నిమిషాల రకం కొనకండి, నిదానం రకమే తీసుకోండి. మన ఎండల్లో అది కూడా తొందరగా గట్టిపడిపోద్ది, అందుకని పొద్దున్నే పని పెట్టుకుని కొంచెం కొంచెం కలుపుకోండి. రెండు ముఖాలకీ పలచగా రాయండి, ఏటవాలు కోతలో నార కొసలు జిగురు తాగేస్తాయి కాబట్టి ఐదు నిమిషాలాగి తాగినచోట మళ్ళీ రాయండి. కింద పాలిథిన్ కవరు వేయండి, లేదంటే బల్లకి కూడా అతుక్కుపోద్ది. సైకిల్ ట్యూబుని వేలెడు పట్టీలుగా కోసి చుట్టేస్తే సరిపడా పట్టు వస్తుంది. ఎపాక్సీని మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి పోయి జాయింటు ఎండిపోద్ది, అంచు పొడుగూతా సన్న పూసలా బయటికొస్తే చాలు. పూస ఎక్కడైనా తెగిందంటే అక్కడ లోపల ఖాళీ ఉన్నట్టు.

నాలుగు జాయింట్లు చేయండి. వారం ఆగాక రెండింటిని మామూలుగా విరగ్గొట్టండి. మిగతా రెండింటిని ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టి మర్నాడంతా ఆరబెట్టి, అలా ఐదుసార్లు చేశాక విరగ్గొట్టండి. అదే పని తెల్ల జిగురుతో కూడా ఒక జత చేసి పక్కన పెట్టుకుంటే తేడా మీకే కనపడుద్ది. విరిగాక జాయింటు ముఖం చూడాలి. రెండు వైపులా చెక్క పేళ్ళు అంటుకుని ఉంటే పాసు, అద్దంలా నున్నటి జిగురు కనపడితే ఎన్ని కేజీలు మోసినా ఫెయిలే.

స్టెప్ 5: స్పార్ కట్టడం

ముందు ఒక స్కూలు స్కేలు తీసుకుని పడుకోబెట్టి వంచండి, తర్వాత నిలబెట్టి వంచి చూడండి. నిలబెడితే వంగదు కదా, స్పార్ ఐడియా అంతా అదే. మధ్యలో ఉన్న చెక్క పెద్దగా పని చేయదు, పైదీ కిందదీ చేస్తాయి, కాబట్టి మధ్యలోది తీసేసి రెండు పట్టీల్ని దూరంగా పెట్టి పక్కల ప్లైతో మూసేస్తాం.

పైన ఒక 10 × 6 పట్టీ, కింద ఒకటి, మొత్తం ఎత్తు 40 ఎంఎం, పొడుగు 90 సెంటీమీటర్లు. కింద పట్టీని మాత్రం రెండు పట్టీల్లోంచి తీసిన ముక్కలతో మధ్యలో స్కార్ఫ్ వేసి అతకండి (ఒకే పట్టీని కోసి అతికితే పొడుగు చాలదు), 6 ఎంఎం మందానికి కోత 7 సెంటీమీటర్ల పైన వస్తుంది. ఎక్కువ లాగుడు పడేది సరిగ్గా అక్కడే, జాయింటుని కావాలనే అక్కడ పెడుతున్నాం. రెండు కొసల్లోనూ మధ్యలోనూ పట్టీల మధ్య గట్టి దిమ్మలు పెట్టాలి, లేకపోతే తాడు పడ్డచోట ప్లై నలిగిపోయి స్పార్ చేతగానిదని పొరపాటు పడతారు. దిమ్మలో నార నిలువుగా ఉండేలా చూడండి.

ప్లైని కోసేటప్పుడు దాని నార స్పార్‌కి 45 డిగ్రీల వాలులో ఉండాలి. షీటు వేస్టవుద్ది, బాధేస్తుంది, అయినా అలాగే కోయండి. పాత ఇళ్ళల్లో పలక తలుపులకి వెనకాల ఏటవాలుగా ఒక పట్టీ కొడతారు కదా, అది లేకపోతే తలుపు కొన్నాళ్ళకి ఒక పక్కకి వాలిపోద్ది, ఇక్కడ ప్లైలో ప్రతి నారా ఆ ఏటవాలు పట్టీ పనే చేస్తుంది. షీటు పొడుగు చాలకపోతే ప్లై ముక్కల్ని దిమ్మల మీదే కలపండి. రెండో వైపు మూసే ముందు లోపలంతా పలచగా వార్నిష్ కొట్టండి, జిగురు పడే చోట్లకి మాత్రం అంటకూడదు, అక్కడ సెల్లోటేపు వేసి కొట్టి తర్వాత పీకేయండి. కింద దిమ్మల పక్కన 3 ఎంఎం బొక్కలు పెట్టండి, నీళ్ళు దిగడానికి. బొక్క పెడితే బలం తగ్గదా అంటే, ప్లై మధ్యలో పెడితే పెద్దగా తగ్గదు, కింద పట్టీకి మాత్రం తగలనివ్వకండి.

వారం ఆగి తూచండి. 140 గ్రాముల దగ్గర ఉంటుంది, కోడిగుడ్లు రెండున్నరంత.

స్టెప్ 6: బియ్యం బస్తాలు

పీటల మధ్య దూరం 80 సెంటీమీటర్లు. స్పార్ పక్కకి దొర్లకుండా రెండు కొసల దగ్గరా అటూ ఇటూ చెక్కముక్కలు మేకు కొట్టండి. మధ్య దిమ్మ మీద వెడల్పాటి పటకా వేసి దానికి బస్తా కట్టాలి. తాడు పెడితే చెక్కని కోసేస్తుంది. ముందు ఒక 25 కేజీల బస్తా, నిదానంగా, విసరకుండా. మధ్యలో ఎంత దిగిందో స్కేలుతో చూసి రాసుకోండి, అర సెంటీమీటరు దగ్గర ఉంటుంది. ఇప్పుడు బస్తా పక్కనే బకెట్ కట్టి నీళ్ళు మొదలుపెట్టండి.

లెక్క ప్రకారం ఇది 45, 50 కేజీల మధ్య పోవాలి. మా సావిట్లో చేసినప్పుడు పెదనాన్న మంచం మీద కూచుని చూస్తున్నాడు, 30 దాటాక "చాల్లేరా బియ్యం పారబోస్తావు" అన్నాడు, 38 దగ్గర మొదటి టిక్ వినపడింది, ఆయన లేచొచ్చి పక్కన గొంతుక్కూచున్నాడు. ఆ తర్వాత ప్రతి మగ్గుకీ ఒక టిక్. 43 దగ్గర పై పట్టీ మధ్య దిమ్మకి వేలెడు దూరంలో నలిగి, అటుపక్క ప్లై బుడగలా ఉబ్బి, మొత్తం నిదానంగా కిందికి కూచుంది, బస్తా నేల మీద ఆనింది. కింద స్కార్ఫ్ జాయింటు చెక్కుచెదరలేదు. ఆయన దాన్ని గోటితో గీకి గీకి చూశాడు, జాయింటు ఎక్కడ మొదలైందో దొరకలేదు.

మీది జాయింటు దగ్గర తెగితే స్టెప్ 4కి వెళ్ళండి. ప్లై పట్టీ నుంచి ఊడిపోతే జిగురు తక్కువ రాశారు లేదా మురికి మీద రాశారు. పై పట్టీ నలిగితే సంతోషించండి, చెక్క తన బలమంతా ఇచ్చాకే పోయింది.

ఓపికుంటే ఇంకో స్పార్ కట్టి దాని మీద విరిగే లోడులో 60 శాతం పెట్టి వదిలేయండి. కొంచెం సాగి ఆగిపోద్ది. 80 శాతం పెడితే పెట్టినప్పుడు బాగానే ఉండి ఒకటి రెండు రోజుల తర్వాత ఎవరూ లేనప్పుడు ధబ్బుమంటుంది. చెక్కకి క్షణం పాటు వచ్చే కుదుపు ఎక్కువ మొయ్యగల గుణం ఉంది, ఏళ్ళ తరబడి మోసే బరువు తక్కువ. గాలి కుదుపు క్షణమే కాబట్టి రెక్కకి ఇది కలిసొస్తుంది, ఇంటి దూలానికి కలిసిరాదు.

స్టెప్ 7: మోడల్ రెక్కకి

రెక్కని తిరగేసి, మధ్యలో బాడీ కూచునే చోట మాత్రమే ఆసరా ఇచ్చి, పైన ఇసక ప్యాకెట్లు పేర్చండి, మధ్యలో ఎక్కువ, కొసలకి వెళ్ళేకొద్దీ తక్కువ. నిజం విమానాలకి కూడా మొదట్నుంచీ చేసే పరీక్ష ఇదే. మామూలు చిన్న విమానాలు తమ బరువుకి 3.8 రెట్లు మోయాలి, దాని మీద ఒకటిన్నర రెట్లు సేఫ్టీ. మోడల్ గ్లైడర్‌ని మనం ఇంకా మోటుగా తిప్పుతాం కాబట్టి 6 రెట్లు వేసుకోండి: కేజీ గ్లైడర్ అయితే 6 కేజీల ఇసక, అర నిమిషం, ఏ టిక్కూ వినపడకూడదు. ఎగరేసే ముందు డ్రోన్ రూల్స్ చదువుకోండి, మధురపూడి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల అయితే ఆలోచనే వద్దు.

స్టెప్ 8: పాత చెక్క విమానం ఎదురైతే

ఎప్పుడైనా ఫ్లయింగ్ క్లబ్బులోనో మ్యూజియంలోనో చెక్కది కనపడితే ఊరికే ఫోటో దిగి రాకండి. ఫ్రాన్సులో 1972లో మొదలైన రాబిన్ డీఆర్400 అనే నాలుగు సీట్లది చెక్కదే, గిరగిరా పల్టీలు కొట్టే పిట్స్ స్పెషల్ రెక్కల్లో కూడా స్పార్ చెక్కదే, మన దేశంలో 1961లో ఎగిరిన రోహిణి ట్రైనింగ్ గ్లైడర్ కూడా చెక్కదే. స్ప్రూస్ గూస్ అని పేరుపడ్డ హ్యూస్ విమానం, 97 మీటర్ల పైన రెక్కలది, 1947 నవంబరు 2న ఒక్కసారే ఎగిరింది, పేరులో స్ప్రూస్ ఉన్నా ఎక్కువ భాగం బర్చ్.

పర్మిషన్ ఇస్తే రూపాయి బిళ్ళతో మెల్లగా కొట్టి వినండి, టక్ టక్ అంటే మంచిది, మొద్దుగా డొల్లగా వినపడితే లోపల వదిలేసింది. నీళ్ళు దిగే బొక్కలు మట్టితో మూసుకుపోయాయా చూడండి. బోల్టుల చుట్టూ నల్లమచ్చ, కింద మూలల్లో బూజు వాసన, పెయింటు మీద సన్న నిలువు పగులు, ఈ మూడింట్లో ఏది కనపడినా ఓనరుకి చెప్పండి. విమానం వయసు అడక్కండి, ఎక్కడ పెట్టారో అడగండి.

స్టెప్ 9: వానాకాలం పరీక్ష

ఇది తొందర లేనిది. ఒకే పలకలోంచి కోసిన పుల్లలతో ఆరు స్కార్ఫ్ జాయింట్లు చేయండి. రెండింటికి కొసలతో సహా మూడు కోట్లు వార్నిష్, రెండింటికి కొసలు వదిలేసి పక్కలకి మాత్రమే, రెండింటికి అసలేం వద్దు. చెక్క నీళ్ళు తాగేది ఎక్కువ కొసల నుంచే కాబట్టి మధ్య జత మీదే నా కన్ను. ఆరింటినీ తూచి, మీద పెన్సిలుతో బరువూ తేదీ రాసి, ఏరువాక పున్నమికి పెరట్లో చూరు కింద జల్లు పడేచోట వేలాడదీయండి. చెద పట్టకుండా గోడకి తగలనివ్వద్దు. దసరాకి ఒకసారి తూచి రాసుకోండి, విరగ్గొట్టొద్దు. సంక్రాంతికి ఇంటికొచ్చిన అల్లుళ్ళూ బావమరుదులూ ఎలాగూ ఖాళీగా ఉంటారు, అప్పుడు పీటలూ బకెట్టూ బయటికి తీయండి.